దావత్ వేళ పగిలిన స్లాబ్

పాసైన. సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ, ఫస్ట్ క్లాసుల పాసైన. మా తాత ఈ ఊర్ల ఇటుకలు మోసిండు, మా నాయిన ఇసుక జల్లించిండు, మా అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని గూడ తట్టలెత్తింది. నేను పాసైన. ఈ మాట ఇంక ఎవ్వరికీ చెప్పలే, ముందుగాల మీకే చెప్తున్న.

రిజల్ట్ ఫోన్‌ల వచ్చినప్పుడు నేను వర్లిల మా సైటుల, నిన్న పోసిన స్లాబ్ మీద నిలబడి ఉన్న. కాళ్ళ కింద తడిసిన గోనె పట్టాలు. తడి గోనె, పచ్చి సిమెంటు కలిస్తె ఒక వాసనొస్తది, వానల నానిన సంచికి సున్నం ఘాటు తగిలినట్టు. కొందరికి ఆ వాసన పడదు. నాకు మాత్రం మస్తు ఇష్టం. ఫోన్‌ల నా నంబరు, దాని పక్కన పాస్ అన్న మాట చూసి, గట్టిగ ఊపిరి పీల్చిన. ఆ వాసన లోపలికి పోయింది. అమ్మకంటె ముందు సాయన్న మామ యాదికొచ్చిండు.

సాయన్న మామ నాకు సొంత మేనమామ కాదు. కామాటిపురల, అన్నీ ఒంటిగది ఇండ్లే ఉండే మా చాల్‌ల, మా ఖోలీకి రెండు తలుపులవతల ఉండే మేస్త్రి. మా అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది, అందుకని నాకు మామ. పాలమూరు దిక్కు నుంచి పడుచు వయసుల వచ్చిండు, కూలి నుంచి మేస్త్రి అయ్యిండు, నిరుడు వానకాలంల కాలం చేసిండు. మేస్త్రి అంటె అణకువ గల మనిషి అనుకునేరు. అణకువ ఆయన దగ్గరికి ఎన్నడు రాలే. సైటుకు పోయేటప్పుడు గూడ తెల్లంగి తొడిగేటోడు. సిమెంటు పనికి తెల్లంగి ఏంది మామా అని అడిగితె, "పని చేసెటోని అంగికి మరక పడ్తది, చేపిచ్చెటోని అంగికి పడదు. నేను చేపిచ్చెటోన్ని" అనెటోడు. ఆ మాట అన్నోడే స్లాబ్ దినం అందరికంటె ముందు మోకాళ్ళ మీద కూసొని తాపీ పట్టెటోడు. సాయంత్రం ఆయన భార్య బాలమణత్త ఆ అంగిని ఖోలీల ముందటి గ్యాలరీల బండకేసి బాదుకుంట, చాల్ అంత వినేటట్టు తిట్టేది. మామ లోపల కూసొని, ఆ తిట్లు ఎవరినో అన్నట్టు చాయ తాగెటోడు.

నేను డిప్లొమా చదివిన దినాలల్ల పొద్దున ఇద్దరం నాగ్‌పాడా మీదికెళ్ళి కలిసి నడిచేటోళ్ళం. నేను బస్సుకు, ఆయన పనికి. దారిపొడుగున ఆయన ఆస్తులు చూపిచ్చెటోడు.

"ఆ మెట్లు చూసినవా? నావే."

"ఆ బాల్కనీ?"

"అది గూడ నాదే."

"మరి ఆ వంకర గోడ మామా?"

"అది మీ నాయినది."

సాయంత్రం ఇంటికొచ్చి ఈ ముచ్చట నాయినకు చెప్తె, "ఆ బాల్కనీ కింద ఎవ్వరు నిలబడరు, పోయి చూడు" అనెటోడు. ఇద్దరు కలిసి పెరిగినోళ్ళు. ఒకర్నొకరు మెచ్చుకున్నది నేనెన్నడు వినలే.

నన్ను ఈ చదువుల పెట్టించింది గూడ మామనే. పది పాసైనంక నర్సు కోర్సుకు పంపుదమని అమ్మ అనుకుంటుండె. మామ మా గడపల కూసొని చెప్పిండు: "చెల్లే, మన దిక్కు నుంచి వచ్చినోళ్ళు ఈ ఊర్ల గోడలు కట్టిన్రు, స్లాబులు పోసిన్రు. అవి ఎందుకు నిలబడ్డయో చదివినోళ్ళు ఒక్కరు లేరు. పోరిని దాంట్ల పంపు." అమ్మ అడిగింది, ఆడిపిల్లకు సైటుల పనేంది అన్నా అని. "నువ్వేం చేసినవ్ మరి ఇన్నేండ్లు?" అన్నడు.

ఇప్పుడు స్లాబ్ సంగతి. మా చాల్ వెనక మా గల్లీ కమిటీ ఇల్లుంది. ముందొక గది, వెనకొక గది, పైన రేకులు. పెండ్లి మాటలు, భజనలు, పంచాయితీలు అన్నీ అందులోనే. మా ఖోలీల కాళ్ళు చాపితె ఇంకొకరికి తగుల్తయి, అందుకని నేను పుస్తకం తెరిచే జాగ గూడ అదొక్కటే. ఆ రేకులు తీసి స్లాబ్ వేద్దమని కమిటీ అనుకున్నది. డ్రాయింగు ఒక ఇంజినీరు గీసిచ్చిండు. పని మామకు దొరికింది. ముందు గది స్లాబ్ ఎండకాలం, వెనక గదిది వానలు పోయినంక అని మాట.

మావోళ్ళల్ల ఒక పద్ధతుంది. స్లాబ్ పడ్డదంటె దావత్. కాంక్రీటు మాలు కలిపినోళ్ళు, మోసినోళ్ళు, చదును చేసినోళ్ళు అందరు ఒక్కసారి కూసొని తినాలె. మేస్త్రి ఇజ్జత్ ఆ దావత్‌ల ఉంటది. ఇంకో మాట గూడ పెద్దోళ్ళ నుంచి వచ్చింది: పచ్చి స్లాబ్‌ను నిద్ర పోనియ్యాలె, తెల్లారే దాక ఒక్క చుక్క నీళ్ళు ముట్టియ్యొద్దు. అందుకని ఆఖరి తట్ట పడి, పైన నున్నగ చెయ్యంగనే తాపీలు కడిగేసి అందరు కిందికి దిగుతరు. పైన స్లాబ్ ఒక్కటే ఉంటది.

ఆ దినం గూడ అట్లనే అయ్యింది. మే నెల, నడి మధ్యాహ్నం. మామ వడ్డనల నిలబడి, ఎవరి పళ్ళెం ఖాళీ అయితె వాళ్ళను తిట్టుకుంట మటన్ వేయించిండు. నేను గూడ కడుపునిండ తిన్న. గ్యాలరీల ఆరేసిన బట్టలు సముద్రం దిక్కునుంచి వచ్చే గాలికి పటపట కొట్టుకుంటుండె. ఉక్కపోతల ఆ గాలి హాయిగుందని అందరం మెచ్చుకున్నం.

పొద్దు వాలినంక మామ వెంబడి నేను గూడ పైకెక్కిన. స్లాబ్ ఆరి తెల్లబడ్డది. దాని మీద గోరుతో గీసినట్టు సన్నటి పగుళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, ఏటవాలుగ, ఈ అంచు దిక్కునుంచి ఆ అంచు దిక్కుకు. మామ ఒంగి ఒక పగులు మీద వేలు ఆనించి, అది ఎంత దూరం పోతె అంత దూరం వేలు జరుపుకుంట పోయిండు. వెనక వచ్చిన మల్లేశ్, మామ కింద తాపీ పని చేసేటాయన, మెల్లగ అన్నడు: "ఏం కాదు మామా. సిమెంటు పాలు కొట్టి రుద్దుదం. కనపడదు."

"మనకు కనపడదు. నీళ్ళకు కనపడదా?" అన్నడు మామ. అని, నా దిక్కు తిరిగి, "సుద్దముక్క ఉన్నదా నీ దగ్గర?" అని అడిగిండు.

తెచ్చిచ్చిన. దొరికిన ప్రతి పగులు పక్కన గీత గీసుకుంట పోయిండు. తెల్లారంగనే కమిటీ పెద్ద అంజయ్య పెద్దయ్యను, మిగిలినోళ్ళను పైకి పిలిచిండు. అంజయ్య పెద్దయ్య పాత మిల్లు కార్మికుడు. మాట కరుకు, మనిషి సూటి.

"ఏంది సాయన్నా, ముగ్గులేసినవు?"

"పగుళ్ళు పెద్దయ్యా. నాకు కనపడ్డయి చూపిస్తున్న. నేను చూడనివి ఉంటె మీరు చూపియ్యిండ్రి."

"పగిలిందని నువ్వే చెప్పుకుంటె మేమేం చెప్పాలె?"

"నేను చెప్పకుంటె వాన చెప్తది."

ఇల్లేం కూలదు, లోతుగ పోలే అని ఇంజినీరు వచ్చి చూసి చెప్పిండు. కాని నీళ్ళకు దారి ఇంతే ఉంటె చాలు, లోపలి ఇనుముకు చేరితె తుప్పు మొదలైతది అని గూడ చెప్పిండు. కమిటీ ఆ దినమే తీర్మానం చేసింది, వెనక గది పని బయటి కాంట్రాక్టరుకు ఇద్దమని. పని పోయిందని మామ బాధపడలే, ఆయనకు ఈ ఊర్ల పనికి కరువు లేదు. కాని కూలి మనిషి సాయన్నను మేస్త్రి సాయన్న చేసింది ఆ గల్లీ. ఆ గల్లీ వద్దన్నంక తెల్లంగి ఎవరికోసం? వానకాలం వచ్చింది, ముందు గదిల ఒక మూల నీళ్ళు దిగినయి. "సాయన్న నల్ల వచ్చింది, బిందెలు పెట్టుండ్రి" అని ఆడోళ్ళు నవ్విన్రు. మామ గూడ నవ్వెటోడు. కాని ఆ వానకాలమంత రంగు అంగీలే తొడిగిండు. బాలమణత్త ఒక దినం మా అమ్మతోని, "ఉతికే పని తగ్గింది గాని, నాకు బాగలేదే" అన్నది.

ఆ రోజులల్లనే మామ నేను చదువుకునే కాడికి వచ్చిండు. "కంకర మంచిదే. సిమెంటు కొత్తదే. మాలుల నీళ్ళు ఎక్కువ కానియ్యలే. మరి ఎందుకు పగిలింది? మీ సార్‌ను అడుగు" అన్నడు. అడిగిన. అడగమన్నాయననే తోలుకరా అన్నడు సార్. మామ వచ్చిండు. మా సార్ మరాఠీ ఆయన. వినుకుంట వినుకుంట ఒక్కటే ప్రశ్న వేసిండు: ఆఖరి తట్ట పడ్డప్పటి నుంచి మొదటిసారి నీళ్ళు పెట్టిందాక మధ్యల ఏమైంది?

"జేవణ్ అయ్యింది సార్," అన్నడు మామ, మరాఠీల భోజనాలు అని.

"ఎంతసేపు?"

"మంచి మటన్ సార్. జల్ది కాలే."

సార్ నవ్వి, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిండు. పోసిన కాంక్రీటుల నీళ్ళు మెల్లగ పైకి తేలుతయి. గాలి, ఎండ వాటిని అంతకంటె జల్ది లాక్కపోతె పైపొర ఎండి దగ్గరికి ముడుచుకుంటది. లోపల ఇంక మెత్తగనే ఉంటది, పైపొరకు ఇంక బలం రాలే. అది చినుగుతది. తెల్లారి ఎన్ని బిందెలు పోసినా ఆ చినుగు కలువదు. మామ పెద్దోళ్ళ మాట ఎత్తిండు, స్లాబ్‌ను నిద్ర పోనియ్యాలె గద సార్ అని. సార్ దాన్ని కొట్టెయ్యలే. "అది గూడ సరే. అప్పుడే నీళ్ళు గుమ్మరిస్తె పైన సిమెంటు కడుక్కపోతది. కాని నీళ్ళు పొయ్యకుండ ఉండుడు వేరు, గాలికి వదిలేసి పోవుడు వేరు" అన్నడు.

తిరుగు దారిల ఫాక్‌లాండ్ రోడ్ మలుపు తిరిగినంక మామ ఆగి అన్నడు: "అంటె, కింద మనం బొక్కలు చప్పరిస్తుంటె పైన అది పగులుతున్నదన్నట్టు."

ఇంటికొచ్చి బాలమణత్తకు నేను చెప్పిన, జొన్నపిండి కలిపి తడిగుడ్డ కప్పకుండ గాలికి పెడితె పైన పెచ్చు కట్టి రొట్టె తట్టంగనే పగుల్తది గద, అట్ల అని. "అయితె సిమెంటుకు గూడ రొట్టెకు చేసినంత సేవ చెయ్యాలెనా? నాకు చేస్తడా ఈయన అంత సేవ?" అన్నది. మామ విననట్టే ఉన్నడు, కాని ఆ తర్వాత ఎవ్వరికి చెప్పినా ఆ రొట్టె ముచ్చటనే చెప్పిండు, తానే కనిపెట్టినట్టు.

వానలు పోయినంక కమిటీ కూసున్నది. మామ పిలవకుండనే పోయి నిలబడ్డడు. "వెనక గది నాకియ్యిండ్రి. ముందుది ఎందుకు పగిలిందో నాకు తెలిసింది. బయటాయనకు తెలుసో లేదో మీకు తెల్వదు."

అంజయ్య పెద్దయ్య అడిగిండు: "మళ్ళ పగిలితె?"

"మళ్ళ ఈ గల్లీల తాపీ పట్ట."

"మాటేనా?"

"మాటే."

అక్కడ కూసున్నోళ్ళందరు విన్నరు, పని ఆయనకే ఇచ్చిన్రు. ఇగ ఆ మాటకు వెనకకు పోయే దారి లేదు.

స్లాబ్ దినం మామ తెల్లంగి తొడిగిండు. ముందు గది మధ్యాహ్నం అయ్యిందని, ఈసారి గాలి లేవకముందే కావాలని తెల్లవారంగనే మొదలుపెట్టించిండు. పొయ్యకముందు కింది చెక్కలను తడిపించిండు, ఎండిన చెక్క మాలుల నీళ్ళను తాగుతదని. సముద్రం దిక్కు అంచు పొడుగున కట్టెలు నిలబెట్టి, చాల్‌ల ఆడోళ్ళ దగ్గర పాత చీరెలు అడుక్కొచ్చి, గోడ లెక్క అడ్డం కట్టించిండు. "మా చీరెలు గాలికి అడ్డమా, లేకపోతె నీ సిగ్గుకు అడ్డమా?" అన్నది ఒకామె. "రెంటికీ" అన్నడు. ఒక భాగం నున్నగ కాంగనే దాని మీద, వానకాలం ఇండ్లకు కప్పే నీలం తాడ్‌పత్రి పరిపించిండు. దావత్ గూడ మారింది. ఒక్కసారి అందరు కూసునుడు బంద్, బంతులు బంతులుగ తినాలె, సగం మంది పైన్నే ఉండాలె అన్నడు. మావోళ్ళకు ఇది పెద్ద అవమానం. "ఇదేం దావత్, హోటల్ లెక్క" అని మల్లేశ్ గొణిగిండు. మామ తిననే లేదు.

ఆఖరి భాగం చదును చేస్తుండంగ గాలి లేసింది. ఒక చీరె ముడి ఊడి, ఎగిరి పోయింది. మళ్ళ కట్టేలోపల ఆ మూల మెరుపు పోయి మసకబడ్డది. నేను ఒంగి చూసిన. వెంట్రుకంత గీత. "మామా" అన్న. అంజయ్య పెద్దయ్య అప్పుడే మెట్లెక్కి వచ్చిండు, చేతుల అన్నం పళ్ళెం ఉంది. మామ ఆయనను చూసిండు. చూసి గూడ దాచలే. "పెద్దయ్యా, ఇటు రా. ఇగో, మొదలైంది" అని వేలు పెట్టి చూపిచ్చిండు. చూపిచ్చి, మోకాళ్ళ మీద కూసొని, తాపీతోని అక్కడ గట్టిగ తట్టి తట్టి, ఇంక మెత్తగున్న మాలును దగ్గరికి చేర్చి, మళ్ళ నున్నగ చేసిండు. గీత కలిసిపోయింది. నేను, మల్లేశ్ తాడ్‌పత్రి లాగినం. గాలికి దాని మూల లేస్తనే ఉన్నది.

అంజయ్య పెద్దయ్య పోయి, స్లాబ్ అంచుకు ఆనించి బయట వేసిన చెక్కకు తాడ్‌పత్రి మూల చుట్టి, దాని మీద కూసున్నడు. కూసొని, పళ్ళెం ఒడిల పెట్టుకొని తినుడు మొదలుపెట్టిండు. "చూస్తరేంది? నా బంతి ఇది" అన్నడు.

స్లాబ్ గట్టిపడినంక గోనె పట్టాలు తడిపి పరిచినం. మర్నాడు పాలమూరోళ్ళు తమకు తెలిసిన పని చేసిన్రు. వరి మడికి ఒడ్డు పెట్టినట్టు, సన్నటి మట్టి గట్లు పెట్టి స్లాబ్‌ను మళ్ళు మళ్ళుగ చేసి నీళ్ళు నిలబెట్టిన్రు. కాని నీళ్ళేవి? మా చాల్‌ల నల్ల పొద్దున కాసేపే వస్తది. ఆ నీళ్ళతోనే వంట, స్నానం, అన్నీ. మామ, దావత్‌కు పిలుచుడు, మొన్నటి ఆ చీరెలు తప్ప ఎవ్వరినీ ఏదీ అడగనోడు, బకెట్ పట్టుకొని ప్రతి గడప ముందు నిలబడ్డడు. "వారం దినాలు. ఒక్క దినం ఎండి మళ్ళ తడిస్తె లాభం లేదు. ఇంటికొక చెంబు." సాయన్న నల్ల అని నవ్వినామెనే ముందు తెచ్చి పోసింది. "ఇగో, నీ నల్లకు నీళ్ళు" అన్నది.

గట్లు తీసిన దినం అంజయ్య పెద్దయ్య సుద్దముక్క తీసుకొని తానే పైకెక్కిండు. ఒంగి, ఈ మూల నుంచి ఆ మూలకు, పగులు వెతుక్కుంట మెల్లగ నడిచిండు. మేమంత మెట్ల కాడ నిలబడ్డం. మామ ఒక్కడు చేతులు వెనక్కు కట్టుకొని, తన బాల్కనీలు చూపిచ్చేటప్పుడు నిలబడ్డట్టె నిలబడ్డడు. పెద్దయ్య తిరిగొచ్చి సుద్దముక్క నా చేతుల పెట్టిండు. "పట్టుకో. నాకు రాసే పని దొరకలే" అన్నడు. మామ దిక్కు చూసి, "ముందు గది మీద గూడ ఏదన్న చెయ్యి సాయన్నా, నువ్వే చెయ్యి" అన్నడు. మామ సరే అనలే. "ఖర్చు సామాను వరకే పెద్దయ్యా, పని నాది" అన్నడు. ముందు గది పగుళ్ళు కోసి, నింపి, పైన పొర వేసి తడిపిండు. తర్వాతి వానలకు నేను ఆ గదిలనే చదివిన, పొడిగ.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నది తడుపుడు ఒక్కటే అయితె అది పుస్తకంల గూడ ఉన్నది. పగులు కనపడంగనే, మనను తప్పు పట్టే మనిషినే పిలిచి దాని మీద వేలు పెట్టి చూపిచ్చుడు పుస్తకంల లేదు. డిప్లొమా అయినంక పని చేసుకుంటనే డిగ్రీ చదివిన, ఇప్పుడు నా సైటుల నన్ను గోనె మేడమ్ అంటరు. పోసినంక భోజనానికి అందరు ఒక్కసారి దిగితె నేను మెట్లకు అడ్డం నిలబడ్త. మొదట్ల తిట్టుకున్నరు. ఇప్పుడు బంతులు వాళ్ళే పంచుకుంటున్నరు. పోయిన నెల ఒక మూల పగులు వస్తె, పెద్ద ఇంజినీరును పిలిచి నేనే చూపిచ్చిన. ఆయన ముఖం మాడ్చిండు, కాని ఆ మూల తర్వాత ఎట్ల చెయ్యాలో నన్నే అడిగిండు. ఈ ఊర్ల నా పని నాకు తెలుసు. ఈ మాట నేను మామ లెక్కనే, ఏ మాత్రం అణకువ లేకుండ అంటున్న.

ఇగ ఫోన్లు చెయ్యాలె. అమ్మకు. పని ఇండ్లల్ల ఉంటది, ఎత్తదు, అయినా చెయ్యాలె. నాయినకు, పక్కోనికి ఫోన్ ఇచ్చి మళ్ళ చెప్పించుకుంటడు. ఇప్పుడు పాలమూరు దిక్కు ఊర్లె ఉన్న బాలమణత్తకు; ఏడుస్తది, ఏడ్చినంక ఏం తిన్నవు అని అడుగుతది. అంజయ్య పెద్దయ్యకు, చెవులు సరిగ్గ వినపడవు, చాల్‌ల ఎవరినన్న ఆయన పక్కన కూసోబెట్టి గట్టిగ చెప్పించాలె. కాలేజీల సార్‌కు. మల్లేశ్‌కు, దావత్ ఎప్పుడంటడు. వీళ్ళందరికంటె ముందు నీళ్ళు ఇడువమని కింద పంపు కాడ ఉన్నాయనకు చెయ్యాలె. గాలి లేస్తున్నది, నా కాళ్ళ కింద పట్టాలు ఆ అంచుకు ఆరుతున్నయి.